కృపారాణి సాక్ష్యం

సన్నలంక కృపారాణి నిద్రపోతున్న తమ్ముడి రెండు చేతులూ గడ్డపారతో విరగ్గొట్టిందని కడియం చుట్టుపక్కల చెప్పుకుంటారు. షేర్ ఆటోల్లో చెప్పుకుంటారు, టీ బడ్డీల దగ్గర చెప్పుకుంటారు, నర్సరీల్లో మొక్కలు తడిపే ఆడవాళ్లు గొట్టం ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటూ చెప్పుకుంటారు. ఒకరి కథలో ఆమె ముందు మోకాళ్లూని ప్రార్థన చేసింది. ఇంకొకరి కథలో తమ్ముడికి కోడికూర వండిపెట్టి అందులో నిద్రమాత్ర కలిపింది. కుడిచేతికి మూడు దెబ్బలు, ఎడమచేతికి రెండు అని పక్కన నిలబడి చూసినట్టు చెప్పేవాళ్లూ ఉన్నారు. "గంజాయి తాగే చేతులు ఉండకూడదని దేవుడి ముందు ఒట్టేసుకుందటండి" అని ముగిస్తారు. విన్నవాళ్లలో సగం మంది "అమ్మో, అదేం ఆడదండి" అంటారు. మిగతా సగం మంది "ఆయ్, ఇంటికొకతి అలాంటిది ఉండాలండి. అప్పుడు గానీ ఈ ఎదవలు దారికి రారు" అంటారు.

కృపారాణిని ఎరిగినవాళ్లకు ఈ మాట నమ్మడం కష్టం. నోట్లో నాలుక లేని మనిషి. ముప్పై నాలుగేళ్లు. పన్నెండో ఏట బడి మానిన దగ్గర్నుంచి నర్సరీలో కవర్లు నింపుతోంది. ఎర్రమట్టి, పశువుల గెత్తం, ఇసుక కలిపి నల్లటి ప్లాస్టిక్ కవర్లలో నింపి, నేలకు రెండుసార్లు తట్టి, వరసలో పెట్టడం ఆ పని. యజమాని పిలిస్తే తల ఎత్తకుండానే "ఆయ్" అంటుంది. నవ్వొస్తే కొంగు అడ్డం పెట్టుకుంటుంది. చర్చిలో ఆడవాళ్ల వైపు చివరి వరసలో, గోడకు ఆనుకుని కూర్చుంటుంది.

ఇంట్లో దెబ్బలు ఆమెకు కొత్త కాదు. తండ్రి లారీలకు మొక్కలు ఎక్కించే పని చేసేవాడు. సాయంత్రం ప్రభుత్వం బోర్డున్న బ్రాందీ షాపు దగ్గర తాగి వచ్చి తల్లిని గోడకేసి కొట్టేవాడు. ఒకసారి చెంప మీద కొట్టిన దెబ్బకు తల్లికి ఒక చెవి వినపడకుండా పోయింది. తాగినందుకు ఆయన్ని ఎవరూ స్టేషన్‌కు తీసుకెళ్లలేదు. కొట్టినందుకూ తీసుకెళ్లలేదు. కాలేయం పాడై ఆయన పోయాడు. రెండేళ్లకు తల్లీ పోయింది. అప్పటికి కృపారాణికి ఇరవై ఏళ్లు, తమ్ముడు ప్రసన్నకుమార్‌కు పదకొండు. తనకు పెళ్లి మాట వచ్చినప్పుడల్లా "వాడి చేతికి ఒక పని రానీయండి" అనేది.

ఆ పని వచ్చింది. అలా ఇలా కాదు. మామిడి అంటు కట్టడంలో ప్రసన్నకుమార్ చెయ్యి పడితే తిరుగులేదని పేరు. నాటుమొక్క తల కోసి, మొదలు మధ్యకు చీల్చి, మేలురకం పుల్లను ఉలిమొనలా చెక్కి ఆ చీలికలో దించి, టేపు బిగించి చుట్టాలి. పుల్లకూ చీలికకూ నడుమ గాలి చొరబడితే అంటు చచ్చిపోతుంది. మిగతావాళ్లు కట్టిన వందలో డెబ్బై బతికితే గొప్ప. ప్రసన్నకుమార్ కట్టినవి తొంభై దాటి చిగురేసేవి. తమ్ముడు అంటు కడుతుంటే కృపారాణి కవర్లు నింపుతూ ఓరకంట చూసేది. ఆ వేళ్ల వైపు చూస్తే, తన పెళ్లి కాని సంగతి ఆమెకు గుర్తొచ్చేది కాదు.

వాణ్ని చెడగొట్టింది అబ్బులు. లోడింగ్ మేస్త్రి. నలభై ఐదేళ్ల మనిషి, అందరికీ బాబాయే. బెంగళూరు, పుణె వెళ్లే మొక్కల లారీలతో తోడు వెళ్లి, సరుకు దించి రావడానికి మనిషి కావాలని ప్రసన్నకుమార్‌ను పంపాడు. మొదట దారిలో నిద్ర రాకుండా ఒక సిగరెట్టు ఇచ్చాడు. అది మామూలు సిగరెట్టు కాదని రెండో ట్రిప్పులో చెప్పాడు. నాలుగో ట్రిప్పుకు, ఏజెన్సీ వైపు నుంచి వచ్చిన గంజాయి మూటలు పామ్ మొక్కల కుండీల కింద పేర్పించాడు. తాగడానికి ఊరికే ఇచ్చాడు, దానికి బదులు మోయించుకున్నాడు.

గంజాయి మనిషిని మెత్తగా చేస్తుందని కొందరంటారు. నిజమే. దొరికినరోజు ప్రసన్నకుమార్ మెత్తగానే ఉండేవాడు, అరుగు మీద కూర్చుని పిచ్చుకల్ని చూసి నవ్వేవాడు. దొరకనిరోజున తండ్రి లేచి వచ్చినట్టు ఉండేది. ఒక మధ్యాహ్నం కృపారాణి పరుపు కింద ప్యాకెట్టు చూసి తీసుకెళ్లి కాలవలో పారేసింది. వాడు గుమ్మం పక్కనున్న సిమెంటు కుండీ రెండు చేతులతో ఎత్తి ఆమె తల మీద వేశాడు. మట్టి, నెత్తురు కలిసి కళ్లలోకి దిగాయి. ఆరు కుట్లు పడ్డాయి. ఆస్పత్రి మెట్ల మీద వాడు ఆమె కాళ్లు పట్టుకుని ఏడ్చాడు. నాలుగో రోజు మళ్లీ చెయ్యెత్తాడు.

తలకు కట్టుతోనే ఆమె ఒకరోజు పోలీస్ స్టేషన్‌కు వెళ్లింది. చెప్పేద్దామనే వెళ్లింది. వరండా చివర ఒక కుర్రాణ్ని కాళ్లు చాపి కూర్చోబెట్టారు. ఒక కానిస్టేబులు వాడి తొడల మీద బూటుకాళ్లతో నిలబడ్డాడు. ఇంకొకడు అరికాళ్ల మీద లాఠీతో కొడుతున్నాడు. వాడి జేబులో చిన్న పొట్లం దొరికిందట. కుర్రాడు మొదట అమ్మా అని అరిచాడు, తర్వాత మాట లేకుండా అరిచాడు, తర్వాత ప్యాంటు తడిసిపోయింది. కొడుతున్నాయన ఆగి చెమట తుడుచుకుని కృపారాణిని చూశాడు.

"ఏంటమ్మా, నీ పనేంటి?"

"ఏం లేదండి. ఆధార్ కార్డు పోయిందండి."

"దానికి స్టేషన్‌కెందుకు? మీసేవకు పో."

"ఆయ్" అని వచ్చేసింది. దారి పొడుగునా ఆ కాళ్లు తన తమ్ముడివే అనిపించింది.

అప్పుడు వెళ్లింది శాంతికుమార్ మాష్టారి దగ్గరికి. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, లూథరన్ సంఘంలో పెద్ద. అంతా విని ఆయన ఒకటే అన్నారు. "అదీ జబ్బేనమ్మా. జబ్బుకు లాఠీ మందు కాదు." మర్నాడే ప్రసన్నకుమార్‌ను పెద్దాసుపత్రిలో మత్తు మాన్పించే వార్డుకు తీసుకెళ్లారు. మొదటి వారం వాడు మంచం కోళ్లకు తల కొట్టుకున్నాడు. కట్టిపడేయడానికి వచ్చిన మనిషి చెయ్యి కొరికాడు. మూడో వారానికి అన్నం అడిగి తిన్నాడు.

వార్డు బయట బల్ల మీద కూర్చుని కృపారాణి అడిగింది. "మాష్టారూ, వీడి మీద కేసు అవుతుందాండి?"

"తాగినవాడు తనంతట తాను చికిత్సకు వస్తే చట్టంలోనే కాస్త దారి ఉందమ్మా. మోసినవాడికి మాత్రం లేదు. ఇరవై కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ పడదు."

"తెలియక మోస్తేనండి?"

మాష్టారు కళ్లజోడు తీసి ఆమె వైపు చూశారు. "తెలియకే మోశాడా?"

ఆ రోజు నుంచి పదేళ్లు అనే మాట ఆమె గుండెల్లో రాయిలా కూర్చుంది. వాడికిప్పుడు పాతిక. బయటికొచ్చేసరికి ముప్పై ఐదు.

ప్రసన్నకుమార్ ఇంటికొచ్చాడు. ఏడు వారాలు ముట్టుకోలేదు. మళ్లీ అంటుకత్తి పట్టాడు. మొదటిరోజు వేళ్లు వణికాయి. రెండో వారానికి నిలబడ్డాయి.

సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. దేవుడు మేలు చేస్తే ఆదివారం ఆరాధనలో లేచి, మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే మేలు మరిచిన పాపం. చెప్పేది పూర్తిగా చెప్పాలి. "దాచి చెప్పిన సాక్ష్యం సగం ఉడికిన మెతుకు" అని ముసలమ్మలు అంటుంటారు. ముప్పై నాలుగేళ్లలో ఎప్పుడూ మైకు పట్టని కృపారాణి ఆ ఆదివారం లేచింది. కళ్లు మూసుకుని, దేవుడితో మాట్లాడుతున్నట్టే మాట్లాడింది.

"నా తమ్ముడు గంజాయి తాగేవాడయ్యా. నన్ను కొట్టేవాడయ్యా. లారీల్లో పామ్ మొక్కల కుండీల కింద ఆ మూటలు పెట్టి పంపేవాళ్లకు చెయ్యి సాయం చేశాడయ్యా. నువ్వు విడిపించావు. ఆ మూటలు పెట్టించినవాళ్లను కూడా నువ్వే మార్చాలి ప్రభువా."

జనం స్తోత్రం స్తోత్రం అన్నారు. పాస్టరు గారు కళ్లు తుడుచుకున్నారు. ఎవరి పేరూ ఆమె చెప్పలేదు. కానీ చర్చి గోపురం మీద లౌడ్‌స్పీకరు రోడ్డు వైపు తిరిగి ఉంటుంది. రోడ్డుకవతల లోడింగ్ యార్డులో ఆదివారం పూట కూడా లారీలు నిండుతాయి. ఆ సమయానికి అబ్బులు స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. దేవుడికి చెప్పుకున్న మాట ఊరందరి చెవినీ పడిందని కృపారాణికి తోచలేదు. బయటికొచ్చాక వీరదుర్గ చెబితే గానీ తెలియలేదు. వీరదుర్గ ఆమె పక్కన కవర్లు నింపే మనిషి. చర్చికి రాదు, కానీ యార్డు పక్కనే ఇల్లు.

"అక్కా, నీ గొంతు ఎంత బాగుందో. మా ఇంట్లోకి వినపడింది" అంది.

కృపారాణి తలెత్తి గోపురం మీది లౌడ్‌స్పీకరు వైపు చూసింది.

మంగళవారం మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చారు. ఎండకు అడ్డంగా కట్టిన నీడవల కింద, అంటుకట్టే బల్ల దగ్గర అక్కాతమ్ముళ్లిద్దరే ఉన్నారు. అబ్బులు వెనక ఇద్దరు మనుషులు. ఒకడి చేతిలో గుంతలు తీసే గడ్డపార.

"ఏంటి కృపమ్మా, మైకులో మంచి సాక్ష్యం చెప్పావట. మా పాపాలు కూడా క్షమించమని అడిగావట గదా?"

"మీ పేరు చెప్పలేదు బాబాయ్."

"చెప్పాలేంటి? ఊళ్లో లోడింగ్ మేస్త్రులు ఎంతమందున్నారు?" నవ్వుతూనే అన్నాడు. ప్రసన్నకుమార్ వైపు తిరిగాడు. "ఏరా, అంటు ఏ చేత్తో కడతావురా?"

వాడు అంటుకత్తి బల్ల మీద పెట్టేశాడు. "బాబాయ్, నేనెవరికీ ఏం చెప్పలేదు."

"అడిగింది అది కాదు. ఏ చెయ్యి?"

వాడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"సరే. రెండూ."

ఒకడు వెనక నుంచి మెడ చుట్టూ చెయ్యి వేసి వాణ్ని బల్ల మీదికి వంచాడు. కుడిచెయ్యి చాపి బల్లకు అదిమాడు. గడ్డపార లేచింది. మొదటి దెబ్బకు పచ్చి వెదురు విరిగిన చప్పుడైంది. ప్రసన్నకుమార్ నోట్లోంచి గాలి మాత్రమే వచ్చింది. రెండో దెబ్బకు అరుపు వచ్చింది. చిగురేసిన అంటుమొక్కలు బల్ల మీంచి దొర్లి కింద పడ్డాయి. ఎడమచెయ్యి చాపుతుంటే కృపారాణి ఉరికి దాని మీద పడింది. ఒక దెబ్బ ఎక్కడ పడిందో ఆమెకు తెలియలేదు. జుట్టు పట్టి లాగి మట్టికుప్ప మీద పడేశారు. అబ్బులు ఆమె వీపు మీద కాలు పెట్టి నిలబడ్డాడు. ఆ కాలి కింద నుంచే మిగతా దెబ్బలు విన్నది. పక్క షెడ్డులో రేడియో పాడుతూనే ఉంది. అక్కడ తింటున్నవాళ్లు ఎవరూ రాలేదు.

అబ్బులు కాలు తీసి, ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"పోలీసుల దగ్గరికి వెళ్తానంటే వెళ్లు, వద్దనను. ఎందుకు కొట్టానో నేనూ చెప్తాను. ఏ లారీలో ఎన్ని మూటలు మీవాడు ఎక్కించాడో తారీకులతో సహా చెప్తాను. నాకు లాయరున్నాడు కృపమ్మా. వాడికెవరున్నారు? నువ్వేగా?"

ఆటోలో ఆస్పత్రికి వెళ్లేదాకా ప్రసన్నకుమార్ తల ఆమె ఒళ్లోనే ఉంది. చేతులు రెండూ గోనెసంచి మీద పెట్టింది. అవి చేతుల్లా లేవు.

డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చిన్నపిల్ల. చూసి ఒక క్షణం కళ్లు మూసుకుంది.

"ఎవరు కొట్టారు? ఇది పోలీస్ కేసు, రాయాలి."

ఆస్పత్రి ఔట్‌పోస్టు కానిస్టేబులు పుస్తకం తెరిచాడు. కృపారాణికి స్టేషన్ వరండా, తొడల మీద బూట్లు కనపడ్డాయి. పదేళ్లు అన్న మాట వినపడింది.

"నేనేనండి" అంది.

"నువ్వా? దేంతో?"

"గడ్డపారతోనండి. గంజాయి తాగుతున్నాడనండి."

కానిస్టేబులు ఆమెను పైనుంచి కిందికి చూశాడు. "పిట్టంత ఉన్నావు. ఇంత మగాడు ఊరుకున్నాడా? నిద్రపోతుంటే కొట్టావా?"

ఆ సాయం ఆయనే చేశాడు. ఆమె తల ఊపింది. ప్రసన్నకుమార్ స్ట్రెచరు మీంచి "మా అక్క మీద కేసొద్దండి" అని మూలిగాడు. ఇంటిగొడవ అని రాసుకుని ఆయన పుస్తకం మూశాడు.

"మా వీధిలో కూడా ఒకడున్నాడమ్మా. రేపు వస్తావేంటి, వాడికీ వేద్దువుగాని" అని నవ్వాడు.

ఆ నవ్వే ఆస్పత్రి గేటు దాటి, ఆటో ఎక్కి, కడియం చేరి, కథయింది.

ఊళ్లో జనం ఆమెకు దారి ఇవ్వడం మొదలుపెట్టారు. ఎప్పుడూ పలకరించని షావుకార్లు "బాగున్నావా అమ్మా" అన్నారు. ఆమె కవర్లు మునుపటిలా నింపలేకపోతోందని యజమాని విసుక్కోబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. పదిహేను రోజులకు వ్యాపారుల సంఘం మత్తుకు వ్యతిరేకంగా సభ పెట్టింది. కృపారాణికి శాలువా కప్పాలన్నది ఎరువుల కొట్టు వెంకటరత్నం గారి పట్టుదల. ఆయన మాటంటే ఊళ్లో గౌరవం. ఏడాది కిందట ఇద్దరు బైకు మీద వచ్చి ఆయన భార్య మెడలో గొలుసు లాగారు. ఆవిడ గొలుసు వదల్లేదు. సీసా పగలగొట్టి ముఖం మీద పొడిచారు. ఎడమకన్ను పోయింది. దొరికిన ఇద్దరూ అప్పటికి మూడు రోజులుగా గంజాయి మీదే ఉన్నారు.

"తాగేవాణ్ని వదిలేయాలి, అమ్మేవాణ్నే పట్టుకోవాలి అంటున్నారండి ఈమధ్య" అని మైకులో అన్నారు వెంకటరత్నం గారు. "తాగేవాడు లేకపోతే అమ్మేవాడు ఎవడికి అమ్ముతాడండీ? మా ఆవిడ కంట్లో సీసా దించినవాడు అమ్మేవాడు కాదు, తాగేవాడే. భయం ఉండాలండి. ఇదిగో, ఈ తల్లి పెట్టింది భయమంటే."

చప్పట్లు మోగాయి. శాంతికుమార్ మాష్టారు లేచారు.

"కన్ను తీసినందుకు వాళ్లకు యావజ్జీవం వేయమనండి రత్నం గారూ, మీ వెనక నేను నిలబడతాను. కానీ తాగినందుకు జైలంటే, ముందు మన రోడ్డు మీదున్న బ్రాందీ షాపు ముందు నిలబడ్డవాళ్లందరినీ వేయాలి. అక్కడ తాగి ఎన్ని కళ్లు పోయాయో మనకు తెలియదా? జైలుకెళ్లిన కుర్రాడు మానేసి రావట్లేదు, కొత్త స్నేహాలు చేసుకుని వస్తున్నాడు."

"అయితే అది కూడా బోర్డు పెట్టి అమ్మమంటారేంటి మాష్టారూ?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు.

"అమ్మమనలేదు. ఆస్పత్రికి రావడానికి భయపడకుండా చూడమంటున్నాను."

కృపారాణి కుర్చీ అంచున కూర్చుని వింటోంది. ఇద్దరి మాటా నిజమే అనిపించింది. తల మీద ఆరు కుట్లు వెంకటరత్నం గారి వైపు ఉన్నాయి. వరండాలో తడిసిన ప్యాంటు మాష్టారి వైపు ఉంది. తండ్రి తాగిన షాపులాగే ఇంకో షాపు తెరిస్తే ఇంకెన్ని చెవులు పోతాయో అని భయం వేసింది. కానీ ఇంకొకటి ఉంది, అది ఇద్దరిలో ఎవరూ అనలేదు. తాగినవాడు పోలీసుల దగ్గరికి వెళ్లలేడు. వాడి చేతులు ఎవరైనా విరవచ్చు.

అది చెప్పాలని నోటిదాకా వచ్చింది. శాలువా కప్పి మైకు చేతికిస్తుంటే తలెత్తింది. మొదటి వరసలో అబ్బులు కూర్చుని ఉన్నాడు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నాడు. ఆమె మైకు వెనక్కి ఇచ్చేసింది.

మర్నాడు వీరదుర్గ కవర్ల దగ్గర ఆమె పక్కకు జరిగింది. వీరదుర్గ కన్ను కింద నల్లగా కమిలి ఉంది. ఆమె భర్త వెంకటరాజు ఇప్పుడు ప్రసన్నకుమార్ బదులు లారీలతో వెళ్తున్నాడు, ఆ అలవాటూ పట్టింది.

"అక్కా, చచ్చిపోతాడేమోనని భయం వేయలేదా నీకు?"

"ఎప్పుడు?"

"కొట్టేటప్పుడు. నిద్రలో కొడితే నొప్పి తెలీదంటారు, నిజమేనా?"

కృపారాణి చేతిలో మట్టి ఆగిపోయింది. చుట్టూ నలుగురున్నారు. పదిమంది చెవిన పడితే అబ్బులు చెవిన పడినట్టే. "అలాంటి ఆలోచనలు పెట్టుకోకు దుర్గా. మాష్టారి దగ్గరికి వెళ్దాం, ఆస్పత్రి ఉంది" అంది. అంతకుమించి చెప్పలేదు.

"మా ఆయన ఆస్పత్రికి వస్తాడా? పేరు రాసుకుని పట్టిస్తారని భయం" అంది వీరదుర్గ.

ఆ తర్వాత తొమ్మిదో రోజు మధ్యాహ్నం, అన్నం తిని మంచం మీద పడుకున్న వెంకటరాజు మీద ఆమె సన్నికల్లు పొత్రం ఎత్తింది. మోకాలికి గురిపెట్టింది. మోకాలు పోతే లారీ ఎక్కలేడు గదా అనుకుంది. పొత్రం దిగుతుండగా వాడు ముడుచుకుని ఇటు తిరిగాడు. అది కణత మీద పడింది. జనం వచ్చేసరికి వీరదుర్గ నెత్తురులో కూర్చుని, పగిలిన తలను రెండు చేతులతో దగ్గరికి నొక్కి పట్టుకుని ఉంది. మూడోరోజు వెంకటరాజు పోయాడు.

ఆమెను జీపు ఎక్కించేటప్పుడు జనంలో కృపారాణి కనపడింది. వీరదుర్గ ఆగింది.

"అక్కా, నీ తమ్ముడు ఎలా బతికాడే?" అని అరిచింది. "ఎక్కడ కొట్టావే? నాకు సరిగ్గా చెప్పొచ్చు గదే!"

జీపు వెళ్లిపోయింది. కృపారాణి ఇంటికొచ్చి అన్నం కలిపి తమ్ముడి నోట్లో ముద్ద పెట్టబోయింది. పెట్టలేకపోయింది. గిన్నె కింద పెట్టేసింది.

"నేను స్టేషన్‌కు వెళ్తాన్రా" అంది.

ప్రసన్నకుమార్ మోచేతుల దాకా పిండికట్లున్న చేతులు ఒళ్లోకి తీసుకున్నాడు.

"నిజం చెబితే నాకు పదేళ్లు అక్కా."

"తెలుసు."

"చెప్పకపోతే?"

"అబ్బులు బాబాయ్ ఇంకొకణ్ని చూసుకుంటాడు. ఇంకొకతి ఇంకో పొత్రం చూసుకుంటుంది."

వాడు ఏడ్చాడు. ఆమె ఆపలేదు. ఏడ్చి ఏడ్చి, ముక్కు భుజానికి తుడుచుకుని, కాళ్లు ముందుకు చాపాడు.

"చెప్పులు తొడుగు. నేనూ వస్తాను" అన్నాడు.

శాంతికుమార్ మాష్టారు వెంట వచ్చారు. ఎస్సై మొత్తం విన్నాడు. రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"మరి ఆస్పత్రిలో అబద్ధం ఎందుకు చెప్పావు?"

కృపారాణి మొదటిసారి ఒక పోలీసు ముఖంలోకి చూసింది. "నిజం చెబితే కొట్టినోళ్లకంటే దెబ్బలు తిన్నోడికే ఎక్కువ శిక్ష పడుతుందన్నారండి."

ఎస్సై పెన్ను మూత పెట్టి మళ్లీ తీశాడు.

ఈ వార్త విని వెంకటరత్నం గారు స్టేషన్ గేటు దగ్గరికి వచ్చారు.

"నీకు శాలువా కప్పానమ్మా నేను. మీవాడు మోసిన సరుకే మా ఆవిడ కన్ను తీసిందేమో, ఆలోచించావా?"

"అయ్యుండొచ్చండి" అంది కృపారాణి. "మోసినదానికి శిక్ష వేయమనండి. తాగినదానికి మాత్రం నేను వాణ్ని ముందే ఆస్పత్రికి తీసుకెళ్లానండి. మీరు ఉండాలన్న ఆ భయమే లేకపోతే ఆ మంగళవారమే ఇక్కడికి వచ్చేదాన్నండి. దుర్గ మొగుడు బతికుండేవాడు."

ఆయన తిరిగి వెళ్లిపోయారు. శాలువాను కృపారాణి మర్నాడు మడతపెట్టి ఆయన కొట్టుకు పంపేసింది.

అబ్బులు రెండు రోజులకు దొరికాడు. అతను అన్నట్టుగానే తారీకులన్నీ చెప్పాడు. ప్రసన్నకుమార్‌ను పిండికట్లతోనే రిమాండ్‌కు పంపారు. లోపల పక్క మంచం ముసలాయన అన్నం తినిపిస్తున్నాడట. కట్లు విప్పాక కుడిచేతి బొటనవేలు చూపుడువేలిని అందుకోవడం లేదు. తనంతట తాను వచ్చి చెప్పిన మాట కోర్టు ఎంతవరకు వింటుందో తెలియదని మాష్టారు అంటున్నారు. కేసు నడుస్తోంది. వీరదుర్గ కేసూ నడుస్తోంది. కృపారాణి రెండు జైళ్లకూ వెళ్తుంది. వీరదుర్గ మొదటిసారి ఆమెను చూడనన్నది. మూడోసారి వచ్చి చువ్వల అవతల ఊరికే నిలబడింది.

ఆటోల్లో కథ మాత్రం మారలేదు. వీరదుర్గను కూడా చివర కలిపి, ఇంకాస్త రుచిగా చెబుతున్నారు. కుడిచేతికి మూడు, ఎడమచేతికి రెండు అని దెబ్బలు ఇంకా లెక్కపెడుతున్నారు.

స్టేషన్‌లో చెప్పిన రోజే ఎస్సై కృపారాణిని పరీక్షకు పంపాడు. డాక్టరమ్మ ఆమె రవికె చెయ్యి పైకి మడిచి, ఎడమ ముంజేతిని వేళ్లతో తడిమి, ఎక్స్‌రేకు రాసింది. ఎముక విరిగి, వంకరగా అతుక్కుని ఉంది.

"ఇదెప్పుడు విరిగింది?"

"ఆ మంగళవారమేనండి. వాడి మీద పడ్డప్పుడు."

"ఇన్నాళ్లూ కట్టు లేకుండానే పనిచేశావా? ఎవరికీ చెప్పలేదా?"

"నేనే కొట్టానని చెప్పాక, నాకు దెబ్బ తగిలిందని ఎలా చెప్పనండి?"

ఆ గడ్డపారకు ఆ రోజు విరిగిన చేతులు మూడు.